ఒకే సీసా, రెండు చెవిగాట్లు

మా శాఖ దస్త్రాల్లో ఒక నివేదిక ఉంది. ఉద్దనపల్లికి అవతల ఒక పల్లెలో టీకా వేసిన కొన్నాళ్లకే పన్నెండు గొర్రెలు గొంతువాపు రోగంతో చనిపోయాయనీ, టీకా పెట్టెలో మంచు కరిగి మందు పాడైపోవడమే అందుకు కారణమనీ అందులో ఉంది. పెట్టెను సరిగా చూసుకోని ఉద్యోగి పేరు కూడా ఉంది. కింద ఉన్న సంతకం నాది. ఆ నివేదిక తప్పు. నాకు తెలిసే తప్పుగా రాశాను. టీకా వేసే వేళకు మంచు కరగలేదు, మందు పాడవలేదు, ఆ ఉద్యోగి ఏ పొరపాటూ చేయలేదు.

ఇరవై నాలుగేళ్లు ప్రభుత్వ పశువైద్యుడిగా పనిచేసి, పోయిన ఏడాది యాభై రెండో ఏట నా అంతట నేనే ఉద్యోగం మానుకున్నాను. ఇప్పుడు హోసూరులో ఇంటి ముందుగదిలో కుక్కలకూ పిల్లులకూ వైద్యం చేస్తున్నాను. వాటిని తెచ్చేవాళ్లు నన్ను చాలా గౌరవిస్తారు. నా పాత సంగతులు వాళ్లకు తెలియవు.

ఈ మధ్య ఉద్యోగంలో చేరిన కుర్ర డాక్టర్లు కొందరు, మీ అనుభవాలు రాయండి సార్, మాకు పనికొస్తాయి అన్నారు. కష్టమైన కాన్పులు చేసి గెలిచిన సంగతులు నాలుగైదు ఉన్నాయి. అవి రాస్తే చదవడానికి బాగుంటాయి. కానీ మీకు నిజంగా పనికొచ్చేది ఇదొక్కటే. ఇందులో గొప్పగా కనిపించేది నేను కాదు.

నివేదికలో నేను పేరు రాసిన ఆమె మా ఆస్పత్రిలో లైవ్‌స్టాక్ ఇన్‌స్పెక్టరు. పల్లెల్లో అందరూ ఇన్‌స్పెక్టరమ్మ అనేవారు. అప్పటికి ముప్పై అయిదేళ్లుంటాయి. కెలమంగలం పక్కన పట్టుపురుగులు పెంచే ఇంట్లో పుట్టింది. పురుగుల తట్టల మధ్యే పెరిగాననీ, బడిపుస్తకం కంటే ముందు పురుగు ఒంటి రంగు చదవడం నేర్చుకున్నాననీ చెప్పేది. ఒక తట్టలో పురుగులు జబ్బుపడితే వాళ్ల అమ్మ గదినో గాలినో తిట్టేది కాదట. పక్క తట్ట తెచ్చి దీని పక్కన పెట్టేదట. గది ఒకటే, వేడి ఒకటే, గుడ్లు తెచ్చిన చోటు ఒకటే. మరి దీనికీ దానికీ తేడా ఎక్కడ? ఆకు ఏ తోటది? ఎవరు వేశారు? తడి ఆకు వేశారా? తేడా దొరికేదాకా ఆవిడ అన్నం ముట్టేది కాదట. మా ఇన్‌స్పెక్టరమ్మకు అదే చూపు వచ్చింది. ఎక్కడికి వెళ్లినా జబ్బుపడిన పశువు దగ్గరికి కాకుండా, దాని పక్కనే ఉండి జబ్బుపడని పశువు దగ్గరికి ముందు వెళ్లేది. మొదట్లో నాకది వింతగా ఉండేది. రోగి ఇక్కడుంటే ఈమె అక్కడేం చేస్తోంది అనుకునేవాణ్ని.

ఆమెకు ఇంకొక అలవాటుంది. డైరీలో అన్నీ రాసేది. మిగిలిన వాళ్లం చేసిన పని మాత్రమే రాస్తాం. ఈమె చేయలేకపోయింది, ఆలస్యమైంది, జారిపడి పగిలింది కూడా రాసేది. మా అటెండరు, విరమణకు దగ్గరపడిన మనిషి, ఆ డైరీ తిరగేసి ఒకసారి అన్నాడు: "ఏమమ్మా, నీ మీద నువ్వే పిటిషన్ రాసుకుంటా ఉండావా?" ఆమె నవ్వి ఊరుకుంది. ఆ మాట నిజం చేసింది నేను.

ఇక ఆ మంద సంగతి. ఇద్దరు అన్నదమ్ములు. పెద్దాయన, చిన్నాయన అని రాస్తాను. తండ్రి పోయాక గొర్రెల్ని పంచుకున్నారు గానీ మేపడం మాత్రం కలిపే మేపేవారు. ఒక వారం అన్న, ఒక వారం తమ్ముడు. ఎవరి గొర్రె ఏదో తెలియడానికి చెవికి గాటు పెట్టేవారు. పెద్దాయన గొర్రెలకు చెవి కొసన నిలువుగా చీలిక. చిన్నాయన గొర్రెలకు చెవి కింది అంచున అర్ధచంద్రంలా కోత. అన్న వంతులో తమ్ముడి గొర్రె చచ్చిపోతే, చచ్చిందే గానీ అమ్ముకోలేదని చూపడానికి గాటు ఉన్న చెవి కోసి తెచ్చి చేతిలో పెట్టాలి. తమ్ముడి వంతులో అన్న గొర్రెకైనా అంతే. లెక్క తప్పకుండా, ఎవరి వంతులో వాళ్ల సొంత గొర్రె చచ్చినా చెవి కోసి ఉంచాలి. ఒకరినొకరు అనుమానించి చేసేది కాదు. వాళ్ల తాతల నాటి నుంచీ ఉన్న పద్ధతి. ఆ చెవులను ఉప్పు రాసి ఎండబెట్టి దారానికి గుచ్చి ఉంచుతారు.

ఆ ఏడాది చలికాలంలో చిన్నాయన తన వంతు గొర్రెలను విడదీసుకుని ఒక చెరువు కింది పొలాల్లో ఎరువు కోసం మందకట్టడానికి తోలుకుపోయాడు. చెరువు ఎండేకొద్దీ తడి అంచున పచ్చగా మొలిచిన కసువు గొర్రెలు కడుపారా తిన్నాయి. అక్కడే నత్తలుంటాయి. నత్తల్లోంచి వచ్చే పురుగుపిల్ల ఆ కసువు మీద అంటుకుని గొర్రె కడుపులోకి పోయి కార్జంలో జలగ అవుతుంది. నాలుగైదు నెలలకు అతను తిరిగొచ్చి తన గొర్రెల్ని అన్న మందలో కలిపాడు. అతను లేని రోజుల్లోనే మా ఇన్‌స్పెక్టరమ్మ ఆ ఊరికి పోయి, కడుపులో పురుగులకూ జలగలకూ కలిపి పనిచేసే మందు తాపింది. పెద్దాయన గొర్రెలన్నీ తాగాయి. చిన్నాయనవి ఊళ్లో లేవు.

వానలకు ముందు గొంతువాపు టీకా వేయాలి. నేను, ఆమె, అటెండరు ముగ్గురం పొద్దున్నే పోయాం. నెలాఖరుకు రెండు రోజులే ఉంది. నెలాఖరున కృష్ణగిరిలో సమీక్ష. వేయాల్సిన టీకాల్లో నా ఆస్పత్రి అందరికంటే వెనకబడి ఉంది. నేను హోసూరుకు బదిలీ అడిగి ఉన్నాను. ఇవన్నీ నా తలలో ఉన్నాయి. ఆమె తలలో గొర్రెలున్నాయి.

మందలోకి దిగిన కాసేపటికే ఆమె ఒక గొర్రెను మోకాళ్ల మధ్య పట్టుకుని నన్ను పిలిచింది. కింది రెప్ప లాగి చూపింది. లోపల ఎర్రగా ఉండాల్సిన చోట తెల్లటి కాగితంలా ఉంది. దవడ కింద చిన్న సంచిలా వేలాడుతోంది. వేలితో నొక్కింది. వేలు తీశాక కూడా గుంట అలాగే నిలిచింది.

"ఇది నీళ్లు సార్. చల్లగా ఉంది, పట్టి చూడండి. కార్జంలో జలగలుండాయి. చిన్నాయన మంద అంతా ఇట్లే ఉంది. వీటికి ముందు మందు తాపి, మూడు వారాలు పోనిచ్చి ఊసి వేస్తే పట్టుకుంటుంది. ఈ దినం వేస్తే సుమ్మా వేసినట్లే."

ఊసి అంటే సూది, సుమ్మా అంటే ఊరికే. మా వైపు తమిళం, తెలుగు అన్న తేడా లేకుండా అందరూ అనే మాటలు.

జలగ మందు ఆ వారం మా దగ్గర లేదు. తెప్పించుకోవడానికి నేను ఒక కాగితం రాస్తే చాలు. ఆ కాగితం రాయాలంటే, సగం మందకు టీకా వేయలేదని కూడా రాయాలి. నేను గడియారం చూసుకున్నాను. వానలు వస్తే ఎవరు జవాబు చెప్తారు, ఏమీ వేయకపోవడం కంటే వేయడం నయం కదా అన్నాను. అదీ పూర్తిగా తప్పు మాట కాదు. ఆ రోజే వేసి, జలగ మందు తెప్పించి తాపి, నెల తరువాత ఇంకోసారి వేసి ఉండొచ్చు. అది నాకు తట్టక కాదు. ఇంకోసారి వస్తే ఇంకో రోజు పోతుంది.

"అన్నిటికీ వెయ్యమ్మా" అన్నాను.

అటెండరు సీసా మూత తుడుస్తూ ఆమెతో అన్నాడు: "సారుకు గొర్రె కన్ను కనబడలేదమ్మా, క్యాలెండరు కనబడతా ఉంది. వేసెయ్యి."

ఆమె వేసింది. ఇద్దరివీ కలిపి తొంభై చిల్లర గొర్రెలు. ఒకే సీసా సరిపోయింది. పది గంటలకల్లా పని అయిపోయింది. తరువాత నేను జీపులో ఇంకో ఊరికి పోయాను. ఆమె మందు అయిపోయిన మంచు పెట్టెతో బస్సు కోసం రోడ్డు మీద నిలబడింది. ఆ రోజు డైరీలో ఎప్పటిలాగే అన్నీ రాసింది. పదికి టీకా ముగిసింది, చిన్నాయన గొర్రెలకు జలగ మందు కావాలని డాక్టరుగారికి చెప్పాను, రెండింటికి బస్సు దొరికింది, అప్పటికి పెట్టెలో మంచు సగం కరిగింది.

నెల తిరగకముందే వానలు పట్టుకున్నాయి. నాలుగో రోజు చిన్నాయన ఆస్పత్రికి పరుగెత్తుకొచ్చాడు. ఈసారి గొంతు కింద వాపు చల్లగా లేదు. గట్టిగా, చెయ్యి పెడితే కాలేటట్టు ఉంది. గొర్రెలు నోరు తెరిచి గురగురమని ఊపిరి లాగుతున్నాయి. ఇన్‌స్పెక్టరమ్మ మూడు రోజులు ఆ పట్టిలోనే, అంటే గొర్రెల దొడ్డిలోనే, ఉండి దొరికినవాటిని దొరికినట్టు మందులతో కాపాడింది. అయినా చిన్నాయనవి పదకొండు పోయాయి. పెద్దాయనది ఒకటి పోయింది. ఇద్దరి గొర్రెలూ ఒకే పట్టిలో పడుకున్నవి, ఒకే తొట్టిలో నీళ్లు తాగినవి.

చిన్నాయన నన్ను ఒక్క మాటే అడిగాడు. "ఊసి వేసినాక కూడా సచ్చిపోయినాయంటే, ఆ ఊసి ఎందుకు సారూ?"

నాకు జవాబు తెలుసు. కాలేజీలో ఆ విషయం మీద నాకు మంచి మార్కులు వచ్చాయి. టీకా మందు తనంతట తాను ఏ రోగాన్నీ ఆపదు. ఇదిగో శత్రువు ఇలా ఉంటాడు అని ఒంటికి చూపి పోతుంది. ఆ తరువాత పని ఒంటిదే. ఆ సూక్ష్మజీవిని పట్టి చంపే ప్రతిరక్షకాలను ఒళ్లే తయారుచేసుకోవాలి. అవి మాంసకృత్తులతో తయారవుతాయి. జలగలు నెత్తురూ మాంసకృత్తులూ తాగేసిన గొర్రెకు ఆ సరుకే తక్కువ. ఇంకొకటి కూడా ఉంది. సూక్ష్మజీవితో పోరాడే తీరు వేరు, పురుగుతో పోరాడే తీరు వేరు. ఒళ్లు ఒకవైపు తిరిగితే రెండోవైపు పట్టు తగ్గుతుంది. పైగా జలగ ఏళ్ల తరబడి కార్జంలో కాపురం ఉండాలి. తనను తరమకుండా ఒంటి కోపాన్ని నెమ్మదింపజేసే పదార్థాలను అది వదులుతూనే ఉంటుంది. అలా నెమ్మదించిన ఒంటికి టీకా చూపించిన బొమ్మ సరిగా ఎక్కదు. పురుగులున్న ప్రతి గొర్రెకూ ఇలాగే అవుతుందని ఎవరూ చెప్పలేరు. కానీ ఆ మందలో అదే అయింది. ఇదంతా నేను పరీక్షలో రాసిందే. ఆమె ఆ పరీక్ష రాయలేదు. మోకాళ్ల మధ్య గొర్రెను పట్టుకుని, రెప్ప లాగి చెప్పింది.

చచ్చిన గొర్రెల్లో రెండింటిని నేనే కోసి చూశాను. గొంతువాపు గుర్తులు స్పష్టంగా ఉన్నాయి. గుండె మీద నెత్తుటి చుక్కలున్నాయి. కార్జం కోస్తే పిత్తనాళాల్లోంచి ఆకుల్లాంటి జలగలు కత్తి మీదికి వచ్చాయి. ఇన్‌స్పెక్టరమ్మ పేడ తెచ్చి మా పాత సూక్ష్మదర్శిని కింద పెట్టి, చూడండి సార్ అంది. చిన్నాయన గొర్రెల పేడలో పసుపుపచ్చ జలగ గుడ్లు ఎటు చూసినా ఉన్నాయి. పెద్దాయనవాటిలో వెతికితే ఒకటీ అరా. నేను కన్ను తీసి, అవునమ్మా అన్నాను. ఆ "అవునమ్మా" ఆమెకు ధైర్యం ఇచ్చింది. డాక్టరు కూడా చూశాడు కదా, ఇక జలగ మందు ముందుగా తెప్పించే ఏర్పాటు అవుతుంది అనుకుంది.

ఆ సాయంత్రమే నేను నివేదిక రాశాను. పోస్టుమార్టం కాగితంలో కార్జం అన్న గడి ముందు "నెత్తురు పట్టి ఉంది" అని మాత్రం రాశాను. జలగల మాట లేదు. కారణం అన్న చోట ఏం రాయాలా అని చాలాసేపు కూర్చున్నాను. జలగలు అని రాస్తే, టీకాకు ముందు చూడలేదా అని అడుగుతారు. చూశాం, ఆమె చెప్పింది, నేను వినలేదు అనాలి. అప్పుడు ఆమె డైరీ గుర్తొచ్చింది. మంచు సగం కరిగింది అని ఆమె చేతిరాతతోనే ఉంది. వేళ వదిలేసి ఆ ఒక్క వాక్యం ఎత్తి రాశాను. డైరీలో అన్నీ రాసే మనిషి కాకపోతే నాకు ఆ వాక్యం దొరికేది కాదు.

విచారణకు పెద్దాఫీసరు కృష్ణగిరి నుంచి వచ్చారు. మా ఆస్పత్రి వరండాలోనే బల్ల వేశాం. అన్నదమ్ములిద్దరూ వచ్చారు, ఊరివాళ్లు ఇంకొందరు వచ్చారు. ఇన్‌స్పెక్టరమ్మ చేతిలో గుడ్డ సంచి ఉంది. ఆమె వచ్చింది జలగ మందు గురించి చెప్పడానికి. తన మీద నివేదిక ఉందని ఆమెకు తెలియదు. నేను చెప్పలేదు.

ఆఫీసరు నా నివేదిక చదివి వినిపించారు. ఆమె మొదట సరిగా విననట్టు ముందుకు వంగింది. తన డైరీ వాక్యం వినబడగానే నిటారుగా అయింది. నా వైపు చూడలేదు. సంచి విప్పి, దారానికి గుచ్చిన పన్నెండు ఎండు చెవులను బల్ల మీద పరిచింది. అన్నదమ్ముల దగ్గర అడిగి తెచ్చుకుంది. ఆఫీసరు జేబురుమాలు ముక్కుకు పెట్టుకున్నారు.

ఆమె గొంతు పెంచలేదు. ఒక్కొక్క చెవినీ వేలితో తిప్పి గాటు చూపింది.

"ఈ పదకొండుకూ కింద కోత ఉంది సార్. అవి చిన్నాయనవి. వాటికి జలగ మందు తాపలేదు. ఈ ఒక్కదానికి కొసలో చీలిక. ఇది పెద్దాయనది. మందు తాగింది. ఊసి మాత్రం అన్నిటికీ ఆ దినం ఒకే సీసాలోదే వేసినాను. మంచు కరిగి మందు చెడిపోయింటే రెండు గాట్లూ సమంగా సావల్ల కదా సార్?"

ఇన్నేళ్లలో నేను పెద్ద పెద్ద సభల్లో కూర్చుని ఎన్నో వాదనలు విన్నాను. ఇంత చక్కటి వాదన ఇంకొకటి వినలేదు. రెండు తట్టలు పక్కపక్కన పెట్టి చూపినట్టు చూపింది. ఆఫీసరు తెలివైనవారు. రుమాలు తీసి, ఆ చెవులనే చూస్తూ నన్ను అడిగారు, టీకాకు ముందు జలగల సంగతి ఈమె మీకు చెప్పిందా అని. పేడలో గుడ్లు చూశారా అని అడగలేదు, కార్జం సంగతి అడగలేదు. ఆ ఒక్క ప్రశ్న. అవును అంటే చాలు.

"గుర్తు లేదు సార్" అన్నాను.

అదే ఆ రోజు నేను చేసిన పని. నా ఇరవై నాలుగేళ్ల ఉద్యోగంలో నేను పలికిన అన్ని మాటల్లోకీ అదే ఎక్కువ కాలం నిలిచింది. డాక్టరుకే గుర్తు లేనప్పుడు ఆఫీసరు ఏం చేస్తారు? కాగితం మీద ఉన్నదే నిలిచింది. మంచు కరిగింది టీకా అయిపోయాక రెండింటికనీ, జలగల సంగతి చెప్పాననీ డైరీలో ఉంది కదా అని ఆమె ఒకసారి అంది. మీరు మీకు అనుకూలంగా తరువాత రాసుకున్నారని కూడా అనొచ్చు కదమ్మా అన్నారాయన. ఆమె చెవులను మళ్లీ దారంతో సహా సంచిలో పెట్టుకుంది. ఒక్కటి జారి కింద పడితే పెద్దాయన వంగి తీసి ఇచ్చాడు.

అందరూ పోయాక అటెండరు బల్ల తుడుస్తూ అడిగాడు. "సార్, ఆ యమ్మ తొంభై గొర్రెలకు ఊసి వేసింది. మీకు మతిమరుపు ఊసి ఎవురు వేసినారు?" నేను కోపగించుకోలేదు. ఆ మనిషి విరమించేదాకా నాతో అవసరానికి మించి మాట్లాడలేదు.

ఆమెకు మెమో ఇచ్చి అంచెట్టి వైపు అడవి పల్లెలకు వేశారు. రోజుకు ఒకటో రెండో బస్సులు, మిగిలినదంతా నడక. నాకు హోసూరు దొరికింది. ఉద్దనపల్లి చుట్టుపక్కల మాత్రం, ఆ యమ్మ చెడిపోయిన ఊసి వేసి గొర్రెల్ని చంపిందనే మాట నిలబడిపోయింది. ఎవరూ దాన్ని కాదనలేదు. కాదనాల్సిన మనిషి నేనే.

తరువాత అయిదేళ్లపాటు నేను ఆమెను చూడలేదు. ఉద్యోగం మానే ముందు ఏడాది, కృష్ణగిరిలో శిక్షణ తరగతికి పోతే మాట్లాడేవాళ్లలో ఆమె ఉంది. వెనక వరసలో కూర్చున్నాను. అంచెట్టి పల్లెల్లో తాను చేస్తున్న పద్ధతి చెప్పింది. టీకా తేదీ రాసుకునే ముందే పేడ చూస్తుంది. పురుగులున్న మందకు మందు తాపి, చెవికి రంగు చుక్క పెట్టి, మూడు వారాలకు వచ్చి ఆ చుక్క చూసి టీకా వేస్తుంది. చుక్క లేనిదాన్ని ముట్టదు. ఒకే పల్లెకు రెండుసార్లు కొండ ఎక్కాలి కదా, అంత తిరుగుడు ఎవరు తిరుగుతారు అని ఎవరో అడిగారు. తిరగకపోతే ఒక్కసారి ఎక్కింది కూడా వృథానే కదా సార్ అంది. ఎక్కడైనా ఆ పాత సంగతి ఎత్తుతుందేమోనని నేను భయపడుతూ కూర్చున్నాను. ఎత్తలేదు. తనకు జరిగిన అన్యాయం గురించి ఒక్క అక్షరం లేకుండా, అందులోంచి నేర్చుకున్నది మాత్రం అందరికీ పంచింది. ఆ రోజు నాకు భయం పోయి సిగ్గు మొదలైంది. సిగ్గు నయం. అది మనిషిని కదిలిస్తుంది. అయినా కదలడానికి నాకింకా ఏడాది పట్టింది.

ఉద్యోగం మానుకున్నాక ముందు మా శాఖకు ఒక ఉత్తరం రాశాను. జరిగింది జరిగినట్టు రాసి, ఆమె దస్త్రంలో పెట్టమని కోరాను. అందిందని జవాబు వచ్చింది. పెట్టారో లేదో తెలియదు. తరువాత అంచెట్టికి పోయాను. ఆమె ఒక కొండపల్లెలో మేకలకు మందు తాపుతూ ఉంది. జుట్టు అక్కడక్కడా నెరిసింది. నన్ను చూసి, కూర్చోండి సార్ అని రాయి చూపి, చేతిలో ఉన్న మేక పని పూర్తయ్యాకే లేచింది. నేను దారిలో తయారు చేసుకున్న మాటలన్నీ పోయాయి. నాకు గుర్తుందమ్మా, ఆ రోజు కూడా గుర్తుంది అన్నాను.

"తెలుసు సార్. గుర్తు లేదని మీరు అన్నప్పుడే తెలుసు. గుర్తు లేనోళ్లు కొంచెం ఆలోచన చేసి చెప్తారు. మీరు టక్కని చెప్పినారు."

క్షమించమని అడిగాను. ఆమె చేతులు కడుక్కుంది. కోపంగా లేదు. కోపంగా ఉంటే నాకు తేలికగా ఉండేది.

"నాకెందుకు చెప్తా ఉండారు సార్? నాకు తెలియనిదా? ఆడ చిన్నాయన ఉండాడు చూడండి, ఆయనకు చెప్పండి. ఆయన ఆ దినం నుంచి మందకు ఊసే వేయించడంలేదంట. ఎవురు పోయినా ఎగదోలుతా ఉండాడంట. నాకు మెమో వస్తే వచ్చింది పో. నా పేరు చెప్పి ఒక మంద ఊసి లేకుండా ఉండేది, అది ఉండాది చూడండి, అది సహించలేను."

నేను ఆమె పేరు పోయిందని బాధపడుతూ పోయాను. ఆమె తన పేరు మూలంగా ప్రమాదంలో ఉన్న గొర్రెల గురించి బాధపడుతోంది. మంచి ఉద్యోగి ఎవరని మీరు ఎప్పుడైనా ఆలోచిస్తే, నాకు తెలిసిన జవాబు ఇది.

మరునాడే ఉద్దనపల్లి బస్సెక్కాను. చిన్నాయన పట్టి దగ్గరే ఉన్నాడు. పెద్దాయన పోయిన ఏడాదే పోయాడట. మందంతా ఇప్పుడు ఇతనిదే. నన్ను గుర్తుపట్టి, ఏం సారూ ఇంత దూరం అన్నాడు. నిలబడే చెప్పాను. జలగల సంగతి, ఆమె నన్ను హెచ్చరించిన సంగతి, డైరీలోంచి వాక్యం ఎత్తిన సంగతి, వరండాలో నేనన్న మాట, ఏదీ వదలకుండా చెప్పాను. అతను మధ్యలో ఆపలేదు. తిడతాడని ఎదురుచూశాను.

"మా యన్న చెప్తానే ఉండె సారూ" అన్నాడు చివరికి. "ఒకే సీసా కదరా, నావి ఏల అన్ని సావలేదు అని అడిగె. నేనే వినలేదు. ఊసి చెడిందని సర్కారోళ్లే రాసినాక నాకేం తెలుసును?"

కొంచెంసేపు గొర్రెల వైపు చూశాడు. తరువాత, ఆ యమ్మతో మాట్లాడాలి, నంబరు ఉందా అన్నాడు. నా ఫోనులోంచి ఆమెకు కలిపి ఇచ్చాను.

అతను ఫోను చెవికి ఆనించుకున్నాడు. "అమ్మా, నేను" అన్నాడు. తన పేరు చెప్పాడు. "నీ మీద కోపంతో ఊసి వేయించలేదమ్మా ఇన్నాళ్లు. అంతే" అన్నాడు. అటునుంచి ఆమె ఏమందో నాకు వినబడలేదు. ఓదార్పు మాటలు మాత్రం కాదని అతని జవాబుల వల్ల తెలిసింది. నూట పది ఉండాయమ్మా అన్నాడు. చెరువు పక్క ఈ ఏడు పోలేదన్నాడు. వంగి ఒక గొర్రెను పట్టుకుని, ఫోను భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకుని, కింది రెప్ప లాగి చూశాడు. కొంచెం ఎరుపుండాదమ్మా, కొంచెం తెలుపుండాది, నాకు సరిగా చెప్పడానికి రాలేదు అన్నాడు. ఇంకొకదాన్ని పట్టుకోమంది కాబోలు, పట్టుకున్నాడు. అలా ఒకదాని తరువాత ఒకటి.

ఎండ నెత్తికెక్కింది. ఫోను నాదే అయినా అందులో జరుగుతున్న పనిలో నాకు చోటు లేదు. గొర్రె పారిపోకుండా పట్టుకోండి సారూ అని అతను ఒకసారి అన్నాడు. నేను పట్టుకున్నాను.